షిన్సెంగుమి: అనిమేల్లో, గేముల్లో చూసినదంతా నిజమేనా?

శ్రావణమేఘం
గింటమా ఎప్పుడో చూశాను. తర్వాత హకువోకి, గోల్డెన్ కముయ్. ఈ మధ్యే కొత్త రురౌని కెన్‌షిన్ రెండో సీజన్ కూడా అయిపోయింది. నాలుగింట్లోనూ షిన్సెంగుమి (పాత జపాన్ కత్తివీరుల దళం) వాళ్లున్నారు. కానీ ఒకదానికీ ఇంకోదానికీ పొంతన లేదు. హిజికతా తోషిజో ఒకచోట మయొనైజ్ పిచ్చి ఉన్న పోలీసు, ఇంకోచోట కన్నీళ్లు పెట్టించే ప్రేమికుడు, మరోచోట జైల్లో మగ్గిన తెల్లజుట్టు ముసలాయన. సైతో హజిమె సంగతీ అంతే.

చరిత్ర తెలిసినవాళ్లు చెప్పండి. వీళ్లు నిజంగా సమురాయ్‌లేనా? సైతో నిజంగానే పోలీసయ్యాడా? ఒకితా సోజి ఇకెదయా సత్రం మీద దాడిలో రక్తం కక్కుకుని పడిపోయాడన్నది జరిగిందా? ఆ నీలం అంగీ? వికీ చదివాను గానీ, ఏది కథో ఏది రికార్డో విడదీసి చెప్పేవాళ్లు కావాలి.

అమీర్‌పేట_అనిమే
సైతో పోలీసవడం నిజమే. అది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. కెన్‌షిన్‌లో అతను వేసే గతొత్సు అనే కత్తిపోటు మాత్రం మాంగా రచయిత కల్పన.

పాతపుస్తకాలు
శ్రావణమేఘం గారూ, ముందు వీళ్లెవరో చెప్తాను. అది తెలిస్తే మిగతా ప్రశ్నలు సగం తేలిపోతాయి.

1853లో అమెరికా నల్ల ఓడలు ఎదో (ఇప్పటి టోక్యో) అఖాతంలోకి వచ్చాక జపాన్ రెండు ముక్కలైంది. విదేశీయుల్ని తరిమేసి చక్రవర్తికి అధికారం అప్పగించాలనేవాళ్లు ఒకవైపు, షోగున్ (సైనిక పాలకుడు) ప్రభుత్వం మరోవైపు. క్యోటో వీధుల్లో హత్యలు మామూలైపోయాయి. 1863లో షోగున్ క్యోటోకి ప్రయాణం కట్టినప్పుడు కాపలా కోసమని ఎదోలో యజమాని లేని కత్తివీరులను పోగుచేశారు. తీరా క్యోటో చేరాక ఆ గుంపు చీలిపోయింది. ఎక్కువమంది వెనక్కి వెళ్లారు. మిబు అనే పల్లెలో కొద్దిమంది ఉండిపోయారు. అయిజు ప్రభువు మత్సుదైరా కతమొరి వాళ్లను తన కిందకు తీసుకున్నాడు. అదే షిన్సెంగుమి.

సమురాయ్‌లేనా అన్నారు. కొందో ఇసామి పుట్టింది తమా ప్రాంతంలో రైతు ఇంట. ఎదోలో చిన్న కత్తిసాము బడి నడిపే ఆయనకు దత్తత వెళ్లి ఆ బడికి వారసుడయ్యాడు. హిజికతాది కాస్త కలిగిన రైతు కుటుంబం. వాళ్లింట్లో తయారయ్యే మందును ఊరూరా తిరిగి అమ్మేవాడు. పుట్టుకతో సమురాయ్ వంశీకులూ ఆ దళంలో ఉన్నారు, ఒకితా అలాంటివాడే. నాయకులు మాత్రం పొలం నుంచి వచ్చినవాళ్లు. 1867 వేసవిలో గానీ షోగున్ కొలువులో వాళ్లకు పూర్తి హోదా రాలేదు. అదే ఏడాది నవంబరులో షోగున్ అధికారం వదులుకున్నాడు. జీవితమంతా కోరుకున్న హోదా ఇలా చేతికి వచ్చిందో లేదో, ఆ హోదాకు అర్థమే పోయింది. వీళ్లమీద ఇన్ని కథలు పుట్టడానికి నా లెక్కలో మొదటి కారణం ఇదే.

శ్రావణమేఘం
రైతులా! హకువోకిలో ఈ మాట వస్తుంది గానీ అంతగా పట్టించుకోలేదు. మాస్టారూ, మరి ఒకితా సంగతి?

నిప్పులాంటి_నిజం
ఒకితా సంగతికి ముందు ఒకమాట. ఈ థ్రెడ్ కూడా అనిమే దారిలోనే వెళ్తోంది. పాపం పల్లెటూరి కుర్రాళ్లు, కల నిజమయ్యేలోపు కాలం మారిపోయింది... కానీ వాళ్లు చేసిన పనేంటి? అనుమానితులను వెతికి పట్టుకోవడం, ఎదురు తిరిగితే నరకడం. ఫురుతకా షుంతరో అనే మనిషిని పట్టుకుని చిత్రహింసలు పెట్టారు. అతని నోటి నుంచి వచ్చిన మాటల ఆధారంగా 1864 జూలై 8 రాత్రి ఇకెదయా సత్రం మీద పడ్డారు. క్యోటోకి నిప్పంటించి చక్రవర్తిని ఎత్తుకుపోయే కుట్రను ఆపారని ప్రతి అనిమేలోనూ చెప్తారు. ఆ కుట్ర కథ దెబ్బలు తిన్న మనిషి నోటి నుంచి, కొట్టినవాళ్ల రికార్డుల్లోంచి వచ్చింది. అందుకే కొందరు చరిత్రకారులు దాన్ని అనుమానిస్తారు. అనిమేల్లో ఆ అనుమానం ఛాయ కూడా కనపడదు.

సొంత మనుషుల విషయానికొస్తే ఇంకా ఘోరం. మొదటి నాయకుల్లో ఒకడైన సెరిజవా కమొ తప్పతాగి నిద్రపోతుంటే వర్షపు రాత్రి పడకలోనే చంపారు, పక్కనున్న అతని ప్రియురాలితో సహా. 1865లో యమనామి కెయిసుకె దళం విడిచి వెళ్లబోతే వెనక్కి తెచ్చి సెప్పుకు (కడుపు కోసుకుని చావడం) చేయించారు. 1867లో ఇతో కషితరోకి మందు పోసి, ఇంటికెళ్తుంటే దారిలో పొడిచి చంపారు. శవాన్ని అబురనొకోజి కూడలిలో ఎరగా వదిలేసి, తీసుకెళ్లడానికి వచ్చిన అతని మనుషులను మాటువేసి నరికారు. వీళ్లను అందగాళ్లుగా గీసి పోస్టర్లు అమ్ముకోవడం నాకు మింగుడుపడదు.

అమీర్‌పేట_అనిమే
అన్నా, ఇవన్నీ అనిమేల్లో దాచారని ఎవరన్నారు? 2004లో జపాన్ టీవీ ఎన్‌హెచ్‌కే ఏడాది పొడవునా వేసిన తైగా (చారిత్రక) డ్రామా ‘షిన్సెంగుమి!’లో సెరిజవా హత్య, యమనామి చావు ఎంత వివరంగా ఉంటాయో చూడు. యమనామి ఎపిసోడ్ చూశాక రెండ్రోజులు మనిషిని కాలేకపోయాను.

నిప్పులాంటి_నిజం
చూశాను తమ్ముడూ. ఆ డ్రామా మొదటి ఎపిసోడ్‌లోనే కొందో, తర్వాత షోగున్ వ్యతిరేకులైన సకమొతో ర్యోమా, కత్సురా కొగొరో కలిసి నల్ల ఓడల్ని చూడటానికి వెళ్తారు. ముగ్గురూ అలా దోస్తులని చెప్పే రికార్డు ఎక్కడుంది?

గేమర్_గుంటూరు
లైక్ ఎ డ్రాగన్: ఇషిన్ ఆడితే ఈ అన్నకి గుండె ఆగిపోతుంది. అందులో ర్యోమాయే సైతో హజిమె పేరుతో షిన్సెంగుమిలో చేరతాడు! 2014లో జపాన్‌లో వచ్చింది, 2023లో కొత్తగా చేసి ప్రపంచమంతా వదిలారు.

అయితే ఆ గేమ్ వెనకున్న చరిత్ర తెలిస్తే ఆ ఐడియాకి బరువెంతో అర్థమవుతుంది. 1867 డిసెంబర్ 10న క్యోటోలో ర్యోమాని చంపినప్పుడు అందరి అనుమానం షిన్సెంగుమి మీదికే పోయింది. మరుసటి ఏడాది అంతర్యుద్ధంలో కొందో షోగున్ వ్యతిరేకులకు దొరికిపోయినప్పుడు ర్యోమా సొంత ప్రాంతమైన తోసా వాళ్లు ఆ కసితోనే ఉన్నారు. సమురాయ్‌కి దక్కాల్సిన సెప్పుకు కూడా దక్కలేదు. మామూలు నేరస్తుడిలా ఇతబషిలో తల నరికారు. 1870లో మిమవరిగుమి అనే వేరే దళానికి చెందిన ఇమాయి నొబుఒ, ఆ దాడిలో తమ దళమే పాల్గొందని విచారణలో ఒప్పుకున్నాడు. చంపారని నింద మోసినవాళ్లనూ చనిపోయినవాడినీ ఒకే మనిషిగా కలిపేసిన గేమ్ అది. నాకైతే చాలా పెద్ద ఆలోచన అనిపించింది.

పాతపుస్తకాలు
గుంటూరు తమ్ముడు చెప్పినదానికి ఇంకొంచెం కలుపుతాను. షిన్సెంగుమి బొమ్మ ఎప్పుడూ ఒకేలా లేదు. 1868 తర్వాత గెలిచినవాళ్లే ప్రభుత్వం అయ్యారు. ఆ ప్రభుత్వం దృష్టిలో వీళ్లు దేశభక్తులను చంపిన హంతకులు. 1920ల్లో పేరు తెచ్చుకున్న సాహస కథల్లో ముసుగు వీరుడికి ఎదురు నిలిచే శత్రువు కొందో ఇసామి. పిల్లలు ఆటల్లో కొందో వేషం వేయమంటే మొహం చిట్లించుకునే కాలం అది.

దాన్ని మార్చడానికి మొదట పూనుకున్నది బతికి బయటపడ్డవాళ్లు. నగకురా షింపచి 1876లోనే ఇతబషిలో కొందోకీ హిజికతాకీ స్మారకరాయి పెట్టించాడు. ముసలితనంలో హొక్కైదోలోని ఒతరు ఊళ్లో ఉంటూ 1913లో అక్కడి పత్రికకు తన జ్ఞాపకాలన్నీ చెప్పాడు. 1928లో షిమొజవా కన్ అనే విలేఖరి మిగిలిన ముసలివాళ్లను వెతికి పట్టుకుని మాట్లాడి ఒక పుస్తకం రాశాడు. మనం ఇవాళ చరిత్ర అనుకునే సంగతులు చాలా ఆ పుస్తకంలోంచి వచ్చినవే, అందులో ఆయన అల్లినవీ ఉన్నాయి. తర్వాత 1960ల్లో షిబా ర్యోతరో నవల హిజికతాను హీరోని చేసింది. ఇవాళ్టి ప్రతి అనిమే హిజికతా ఆ నవలకు మనవడే.

నిజం గారూ, మీరు చెప్పిన హత్యలన్నీ జరిగినవే. కాదనను. కానీ అరవై ఏళ్లు వాళ్లను రాక్షసులుగా చూపించినప్పుడు అది కూడా వక్రీకరణే కదండీ?

నిప్పులాంటి_నిజం
రాక్షసులుగా చూపించడం తప్పే. దానికి జవాబు అందగాళ్లుగా చూపించడం అంటే ఒప్పుకోను.

వెన్నెల_సోజి
ఒకితా గురించి ఎవరూ చెప్పట్లేదు కాబట్టి నేను చెప్తాను. నా పేరు చూసే ఉంటారు.

ఒకితాది అని నిర్ధారణ అయిన ఫోటో ఒక్కటీ లేదు. నెట్‌లో తిరిగే బొమ్మ ఆయన పోయి అరవై ఏళ్లయ్యాక, ఆయన అక్క వంశంలోని ఒకరిని చూసి గీసింది. అనిమేలో కనిపించే ఆ సుకుమారమైన ముఖానికి ఆధారం లేదు. చప్పిడి ముఖమని, నల్లగా పొడుగ్గా ఉండేవాడని కూడా చెప్పుకున్న మాటలున్నాయి. పిల్లలతో ఆడుకునేవాడు, ఎప్పుడూ జోకులేసేవాడు అన్నది మాత్రం చూసినవాళ్ల జ్ఞాపకాల్లో ఉంది.

ఇకెదయాలో చివరిదాకా పోరాడలేక మధ్యలో పడిపోయాడని నగకురా చెప్పాడు. జూలై ఉక్క, మూసిన ఇల్లు, లోపలికి మొదట దూరినవాళ్లు కొందో, ఒకితా, నగకురా, తోదో హెయిసుకె అని నలుగురే. రక్తం కక్కుకున్నాడు అనేది తర్వాత పుస్తకాల్లో చేరిన దృశ్యం. అప్పటికే క్షయ అంత ముదిరి ఉంటే ఆ తర్వాత మూడేళ్లు దళంలో పనిచేయడం కష్టం. క్షయతో పోయింది 1868 వేసవిలో, కొందో తల తెగిన కొన్ని వారాలకే. కొందో చావు సంగతి ఆయనకు చెప్పకుండా దాచారంటారు.

ఇప్పుడు గింటమా గుర్తు చేసుకోండి. అందులో ఒకితా సోగోకి జబ్బే లేదు, ఉక్కుముక్కలా ఉంటాడు. ఊపిరితిత్తుల జబ్బుతో పోయేది ఎవరు? అక్క మిత్సుబా. నిజమైన ఒకితా అక్క పేరు మిత్సు, తమ్ముడు పోయాక కూడా చాలా ఏళ్లు బతికింది. చరిత్రలో తమ్ముణ్ని తీసుకెళ్లిన రోగాన్ని కథలో అక్కకి ఇచ్చి తమ్ముణ్ని బతికించారు. నవ్వించే సిరీస్ అని తేలిగ్గా తీసుకుంటాం గానీ, ఆ రచయిత చరిత్రను ఎంత ప్రేమగా చదివాడో నాకు అక్కడే తెలిసింది. ఆ ఎపిసోడ్లు మళ్లీ చూస్తే మరోలా ఉంటాయి.

శ్రావణమేఘం
వెన్నెల గారూ, ఇది చదివి చేతులు వణికాయి. మిత్సుబా భాగం ఇవాళే మళ్లీ చూస్తాను.

అమీర్‌పేట_అనిమే
ఇది విన్నాక నాకో సంగతి తట్టింది. హకువోకిలో యమనామికి ఏమవుతుంది? 1865లో ఓచిమిజు అనే మాయ మందు తాగి రాక్షసుడవుతాడు, బయట ప్రపంచానికి చనిపోయాడని చెప్తారు. చరిత్రలో ఆయన సెప్పుకు చేసుకున్నదీ 1865లోనే. తోదో హెయిసుకె చరిత్రలో అబురనొకోజిలో చచ్చిపోయాడు. గేమ్‌లో అదే చోట ప్రాణం పోయే గాయమై ఓచిమిజు తాగుతాడు. రికార్డులో చావు రాసున్న ప్రతిచోటా ఆ గేమ్ ఇంకో జీవితం మొదలుపెడుతుంది. తేదీ మార్చదు, ఊరు మార్చదు.

గోల్డెన్ కముయ్ కూడా ఇదే పని చేసింది. హిజికతా 1869లో హకొదాతెలో తూటా తగిలి చనిపోయాడు, 34 ఏళ్లు. శవాన్ని ఎక్కడ పాతిపెట్టారో ఇప్పటికీ ఖాయంగా తెలియదు. శవం లేదు కాబట్టే, నిజానికి పట్టుబడి రహస్యంగా జైల్లో ఉండిపోయాడు అని కథ అల్లగలిగారు. పక్కన ముసలి నగకురాని పెట్టారు. నగకురా ఆ కాలంలో నిజంగానే బతికున్నాడు, హొక్కైదోలో జైలు కాపలావాళ్లకు కత్తిసాము నేర్పాడు కూడా.

పాతపుస్తకాలు
చాలా బాగా పట్టుకున్నావు. కెన్‌షిన్‌లో సైతో కూడా అలాంటివాడే. అయిజులో చివరిదాకా పోరాడి, ఓడిపోయాక ఫుజితా గోరో అని పేరు మార్చుకుని 1877లో టోక్యో పోలీసులో చేరాడు. ఆ ఏడాదే సైగో తకమొరి తిరుగుబాటును అణచడానికి వెళ్లి గాయపడ్డాడు. కెన్‌షిన్ కథ జరిగేది 1878లో. ఆ ఏడాది టోక్యోలో ఫుజితా గోరో అనే పోలీసు నిజంగా తిరిగాడు. ఎడమచేతి వాటం అనడానికి మాత్రం ఆ కాలపు ఆధారం లేదు. పోలీసు ఉద్యోగం అయ్యాక మ్యూజియంలో కాపలా, ఆడపిల్లల టీచర్ ట్రైనింగ్ స్కూల్లో ఆఫీసు పని చేసుకున్నాడు. 1915లో పోయాడు. అదే ఏడాది నగకురా కూడా. 2016లో సైతో కుటుంబం దగ్గరున్న ఒక ఫోటో బయటికి వచ్చింది. 1897 నాటిది, భార్యాపిల్లలతో కూర్చుని ఉంటాడు. కళ్లు మాత్రం అనిమేకి ఏమాత్రం తీసిపోవు.

టోక్యో_తెలుగు
ఇవాళే చూశాను ఈ థ్రెడ్. నేను ఉండేది టోక్యోకి పడమర, హిజికతా సొంతూరు హినో మాకు దగ్గరే. తకహతా ఫుదో గుడి ముందు ఆయన విగ్రహం ఉంది. ఎప్పుడెళ్లినా ఎవరో ఒక అమ్మాయి పూలు పెట్టి దణ్ణం పెట్టుకుంటూ కనిపిస్తుంది. సగం మంది హకువోకి ఆడి వచ్చినవాళ్లే. క్యోటోలో ఇకెదయా ఉన్నచోట ఇప్పుడు ఆ పేరుతోనే ఒక ఇజకయా (మందూ తిండీ దొరికే హోటల్) ఉంది. మిబులో సెరిజవాను చంపిన యగి వారి ఇల్లు అలాగే ఉంది. గుమ్మం పైకమ్మీ మీద కత్తిగాటు చూపిస్తారు. అనిమే చూసి నవ్వుతూ వచ్చిన పిల్లలు ఆ గాటు ముందు నిశ్శబ్దమైపోవడం చూశాను.

ఇంకో సంగతి. ఆర్‌ఆర్‌ఆర్ ఇక్కడ 2022 అక్టోబరులో వచ్చి నెలల తరబడి ఆడింది, అందరూ ఆడవాళ్లే నటించే తకరజుకా నాటక బృందం వాళ్లు 2024లో నాటకంగా కూడా వేశారు. మా ఆఫీసులో ఒకామె, అల్లూరి సీతారామరాజు, కొమురం భీం నిజంగా స్నేహితులా అని నన్ను అడిగింది. కలిసిన దాఖలా లేదని, ఇద్దరూ ఊరు వదిలి తిరిగిన కాలం గురించి పెద్దగా తెలియదని, ఆ ఖాళీలోనే దర్శకుడు కథ పెట్టాడని చెప్పాను. ఆమె వెంటనే, ‘అచ్చం మా బకుమత్సు (షోగున్ పాలన చివరి రోజుల) డ్రామాల్లాగే’ అంది. తర్వాత రంపచోడవరం ఎక్కడుందో మ్యాప్‌లో వెతికింది. అమీర్‌పేట తమ్ముడు చెప్పిన పద్ధతి మనవాళ్లకు కొత్తేం కాదు.

నిప్పులాంటి_నిజం
ఖాళీలో కథ అల్లుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. హిజికతా శవం దొరకలేదు, బతికించుకోండి. ఒకితా ఫోటో లేదు, అందంగా గీసుకోండి. నా గొడవంతా ఖాళీ లేని చోట. ఇకెదయాలో చచ్చిపోయినవాళ్లకు పేర్లున్నాయి. మియబె తెయిజో, యోషిదా తోషిమరో. యోషిదా తోషిమరోకి ఇరవై నాలుగేళ్లు కూడా లేవు, షోగున్‌ను ఎదిరించిన చోషు ప్రాంతపు గురువు యోషిదా షోయిన్ దగ్గర చదువుకున్నాడు. ఎన్ని అనిమేల్లో వీళ్లకు ముఖం ఉంది? మెట్ల మీంచి దొర్లిపడే నీడలు, అంతే. నలుగురు దూరి ఇరవై మందిని ఎదిరించారని చెప్పుకుంటాం గానీ, ఆ ఇరవై మంది ఎవరో అడగం.

వెన్నెల_సోజి
ఇది నిజం. ఒప్పుకుంటాను. ఒకితా ఫ్యాన్‌గా చెప్తున్నా, ఆ రాత్రి ఒకితా చేతిలో ఎవరు పోయారో తెలుసుకోవాలని నాకూ అనిపించేది.

గేమర్_గుంటూరు
పీస్‌మేకర్ కురొగనె సంగతి కూడా చెప్పాలి. అందులో ఇచిమురా తెత్సునొసుకె అనే పిల్లవాడు ఇకెదయా టైమ్‌కే దళంలో ఉంటాడు. అసలు వాడు చేరింది 1867లో. కానీ వాడు చేసిన పని ఏ అనిమే కల్పనకన్నా పెద్దది. హకొదాతెలో చావు ఖాయమని తెలిశాక హిజికతా తన ఫోటో, కొంచెం జుట్టు ఈ పిల్లవాడి చేతికిచ్చి, హినోలో తన అక్క ఇంటికి చేర్చమని పంపేశాడు. ఉండి పోరాడతానని వాడు ఏడిస్తే కోప్పడి మరీ పంపాడు. శత్రువుల మధ్య నుంచి దొంగచాటుగా వాడు ఆ ఫోటోని చేర్చాడు కాబట్టే సూటు, బూట్లు వేసుకున్న హిజికతా ముఖం ఇవాళ మనకు తెలుసు. అన్ని అనిమేల హిజికతా ఆ ఒక్క ఫోటో నుంచే పుట్టాడు.

శ్రావణమేఘం
ఇంత వస్తుందనుకోలేదు. నీలం అంగీ సంగతి మిగిలిపోయింది.

పాతపుస్తకాలు
లేత నీలం, అంచుల్లో తెల్ల కొండ గుర్తులు. నలభై ఏడుగురు రోనిన్ల (యజమాని లేని సమురాయ్‌ల) నాటకంలో వేసుకునే దుస్తుల్ని చూసి కుట్టించారంటారు. వాడింది ఏడాది లోపే. తర్వాత ఎక్కువగా నల్లబట్టలే. అసలు అంగీ ఒక్కటి కూడా మిగల్లేదు. తెర మీద ఐదేళ్లూ నీలంలోనే ఉంటారు, ఎందుకంటే నల్లబట్టల్లో ఎవరు ఎవరో ప్రేక్షకుడికి తెలియదు.

అమీర్‌పేట_అనిమే
నిజం అన్నా, చోషు వైపు నుంచి చూడాలంటే 1999లో వచ్చిన కెన్‌షిన్ ఓవీఏ (నేరుగా వీడియోగా వదిలిన అనిమే) ఉంది కదా, తుయిఒకు హెన్. అందులో హీరో చోషు కోసం చంపేవాడు, షిన్సెంగుమి శత్రువు. ఇకెదయా రాత్రి కత్సురా ఎలా తప్పించుకున్నాడన్నది ఆ వైపు నుంచి కనిపిస్తుంది. హీరోకి ఆధారం కవకమి గెన్‌సాయి అనే నిజం మనిషి, 1872లో ప్రభుత్వం మరణశిక్ష వేసింది.

నిప్పులాంటి_నిజం
అది చూశాను, అది మంచి పని. చంపినవాడికి చంపడం ఎంత భారమో దాచకుండా చూపించింది. 2015 తైగా ‘హన మొయు’ కూడా చోషు వైపుదే, షోయిన్ చెల్లెలి కథ. తోషిమరోకి అందులో ముఖం, పేరు, స్నేహితులు ఉన్నారు. శ్రావణమేఘం గారూ, మీరు చూసినవాటిలో ఎక్కువ ఒకవైపువి. ఇవి రెండూ చూసి వచ్చి, అప్పుడు ఇకెదయా గురించి ఇక్కడే మాట్లాడదాం.

శ్రావణమేఘం
సరేనండీ. ముందు ఓవీఏ చూస్తాను. ‘హన మొయు’ ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో ఎక్కడ దొరుకుతుందో తెలిసినవాళ్లు చెప్పండి.